వీడియో: ఏ రూపంలో దాచాలి, ఏ రూపంలో పంచాలి?

(పెదకాకానిలో మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నన్ను 'స్త్రీలు - ప్రసార సాధనాలు' అనే అంశం మీద మాట్లాడమన్నారు. సినిమాల్లో, సీరియళ్ళలో మనల్ని ఎలా చూపిస్తున్నారన్న దాని మీద మనం ఎన్నో ఏళ్ళుగా మాట్లాడుకుంటున్నాం, రాసుకుంటున్నాం. అది అవసరమే. కానీ ఇప్పుడు ఈ హాల్లో కూర్చున్న ప్రతి ఒక్కరి చేతి సంచిలోనూ ఒక కెమెరా ఉంది. మనల్ని వాళ్ళు ఎలా చూపిస్తున్నారన్న ప్రశ్నతో పాటు, మనం తీసింది ఎవరిదాకా చేరుతోంది, ఎంతకాలం నిలుస్తోంది అన్న ప్రశ్న కూడా మన ముందుకొచ్చింది. అందుకని ఈ రోజు నేను చాలా చిన్నదిగా, పొడిగా కనిపించే విషయం గురించి మాట్లాడతాను. తీసిన వీడియోని ఏ ఫార్మాట్‌లో దాచుకోవాలి, ఏ ఫార్మాట్‌లో నలుగురికీ పంపాలి? ఇది కంప్యూటరు తెలిసిన అబ్బాయిలు చూసుకునే సంగతి అని మనం సాధారణంగా వదిలేస్తుంటాం. వదిలేసిన ప్రతి చోటా నిర్ణయం మన చేతుల్లోంచి జారిపోయిందని మనకు అనుభవమే. బ్యాంకు పుస్తకం, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ - ఏ దాన్ని తీసుకున్నా ఇదే కథ.

ముందుగా మన వాళ్ళు చేసిన పని ఒకటి గుర్తు చేస్తాను. అహమ్మదాబాద్‌లో సేవా సంఘం 1984లోనే వీడియో మొదలుపెట్టింది. అక్కడ కెమెరా పట్టినవాళ్ళలో చదవడం, రాయడం రాని కూరగాయల వ్యాపారులు, కూలీలు ఉన్నారు. మన తెలుగు నేల మీద జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల దళిత స్త్రీలు కెమెరా నేర్చుకుని, 2001లో కమ్యూనిటీ మీడియా ట్రస్టుగా ఏర్పడ్డారు. 2002లో మన దేశంలో బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ మొదటి సీజన్లో ఈ స్త్రీలు వరంగల్ చేలకు పదే పదే వెళ్ళారు. విత్తిన నాటి నుంచి పత్తి తీసే దాకా రైతులు చెప్పింది చెప్పినట్టు తీశారు. వరంగల్ రైతులకు బీటీ పత్తి మీద ఎందుకు కోపమొచ్చింది అన్న ఆ సినిమా ఇతర దేశాల భాషల్లోకి కూడా వెళ్ళింది.

వాళ్ళ పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది షాట్లకు వాళ్ళు పెట్టుకున్న పేర్లు. పైనుంచి కిందికి చూసేది పటేల్ షాట్. దొర అరుగు మీద కూర్చుని కింద నేల మీద ఉన్నవాళ్ళని చూసే చూపు అది. కిందినుంచి పైకి చూసేది జీతగాడి చూపు. ఎదురెదురుగా, సమానమైన ఎత్తులో చూసేది సంఘం షాట్. ఇంగ్లీషు పుస్తకంలో ఉన్న పదాన్ని బట్టీ పట్టకుండా, ఆ పదం వెనక ఉన్న అధికార సంబంధాన్ని వాళ్ళు పట్టుకున్నారు. ఫార్మాట్ల విషయంలో మనం చేయాల్సింది కూడా ఇదే. పేర్లు చూసి బెదరనక్కర్లేదు. వాటి వెనక ఏం జరుగుతోందో తెలిస్తే చాలు.

ఇక్కడ మిర్చి తెలియనివాళ్ళు లేరు కాబట్టి దాంతోనే చెబుతాను. గుంటూరు యార్డుకి టిక్కీ వస్తుంది. గోతాం చూసి లోపల ఏముందో చెప్పగలమా? తేజానా, 334 రకమా, బాడిగా - మూతి విప్పి, నాలుగు కాయలు చేతిలోకి తీసుకుంటేగాని తెలియదు. వీడియో ఫైలు పేరు చివర ఎంపీ4 అనో, ఎంఓవీ అనో, ఏవీఐ అనో ఉంటుందే, అది గోతాం. దాని లోపల బొమ్మని నొక్కిపట్టి కుదించిన పద్ధతి వేరే ఉంటుంది. దాన్ని కోడెక్ అంటారు. అది సరుకు రకం. హెచ్.264 ఒక రకం, హెచ్.265 ఒక రకం, వీపీ9, ఏవీ1 ఇంకో రెండు రకాలు. "ఎంపీ4లోనే పంపాను, అయినా వాళ్ళ దగ్గర ఆడలేదు, మాట వినబడుతోంది గానీ బొమ్మ నల్లగా ఉంది" అని చాలామంది అంటుంటారు. గోతాం సరైనదే, లోపలి రకాన్ని అవతలి యంత్రం గుర్తుపట్టలేదు. అంతే తేడా.

కుదించడం ఎందుకు అంటారేమో. కుదించకపోతే బొమ్మ బరువు మోయలేం. ఇప్పటి ఫోన్లో 1080పి నాణ్యతతో తీస్తే హెచ్.264లో నిమిషానికి సుమారు 130 ఎంబీ అవుతుంది. పది నిమిషాలు ఒక అక్క మాట్లాడితే 1.3 జీబీ. అదే మాటని 720పికి తగ్గించి, సెకనుకి ఒకటిన్నర మెగాబిట్ల చొప్పున కుదిస్తే నిమిషానికి 12 ఎంబీ చాలు. పది నిమిషాలకి 120 ఎంబీ. ముఖం తెలుస్తుంది, కళ్ళు తెలుస్తాయి, చేతిలో కాగితం మీద పెద్దక్షరాలు తెలుస్తాయి. ఇంకా తగ్గించి 480పికి వస్తే నిమిషానికి ఆరు ఎంబీ లోపే. సిగ్నల్ రెండు గీతలే ఉన్న ఊళ్ళో, రోజు డేటా మధ్యాహ్నానికే అయిపోయిన ఫోన్లో చూసేది ఇదే. చూసే మనిషి ఎవరన్నది ముందు తేల్చుకుంటే సైజు దానంతట అదే తేలుతుంది. మన కార్యకర్తలు చాలామంది తమ ఫోన్లో బాగుందా లేదా అని చూస్తారు. తొడిమలు తీసే కూలీల్లో అందరికంటే పాత ఫోన్ ఎవరిదో, దాంట్లో ఆడుతుందా లేదా అని చూడాలి.

ఇక నా సలహా. పంచడానికి ఎంపీ4 గోతాం, లోపల హెచ్.264 రకం, శబ్దానికి ఏఏసీ. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. ఇరవై ఏళ్ళు దాటింది గనక అది ఆడని ఫోన్ గానీ, టీవీ గానీ, ఆఫీసు కంప్యూటరు గానీ దాదాపు దొరకదు. 2013లో వచ్చిన హెచ్.265 అదే బొమ్మని ఇంకా తక్కువ సైజులో ఇస్తుంది. ఐఫోన్లు 2017 నుంచి, ఇప్పుడు చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు కూడా అందులో తీయగలవు. సెట్టింగుల్లో 'హై ఎఫిషియెన్సీ' అని కనిపించేది అదే. కానీ అది పాత కంప్యూటర్లలో ఆడదు. ఒక జిల్లా కార్యాలయంలో నేను ఇచ్చిన పెన్ డ్రైవ్‌ని అక్కడి కంప్యూటర్లో పెట్టి, "ఇందులో ఏమీ లేదమ్మా" అని తిరిగి ఇచ్చేశారు. ఉంది, కానీ వాళ్ళ యంత్రానికి చదవడం రాదు. ఆ రోజు బస్సు ఖర్చులు, కూలి పోగొట్టుకుని నాతో వచ్చిన నలుగురు స్త్రీలకి ఈ తేడా ఎలా వివరించాలి? ఆ నలుగురూ మళ్ళీ ఒకరోజు పని మానుకుని రావాల్సి వచ్చింది. ఫార్మాట్ చిన్న విషయం కాదని నేను అనేది అందుకే.

ఇంకొకటి, చాలామందికి తెలియనిది. ఎంపీ4 ఫైలులో ఏ బొమ్మ ఎక్కడుందో చెప్పే విషయసూచిక ఒకటి ఉంటుంది. అది తరచు ఫైలు చివర ఉండిపోతుంది. అప్పుడు నెట్‌లో పెట్టిన వీడియో చాలాసేపు తిరుగుతూనే ఉండి, ఒక్కోసారి ఫైలంతా దిగాక గాని మొదలవదు. ఈలోగా చూసేవాళ్ళు విసుగెత్తి వెళ్ళిపోతారు. హ్యాండ్‌బ్రేక్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది. దాంట్లో 'వెబ్ ఆప్టిమైజ్డ్' అన్న గడిలో టిక్కు పెడితే ఆ సూచిక ముందుకి వస్తుంది, వీడియో వెంటనే మొదలవుతుంది. ఒక్క టిక్కు.

ఏవీ1, వెబ్ఎం లాంటి స్వేచ్ఛా ఫార్మాట్లు వాడకూడదా అని ఇందాక ఒక చెల్లెలు అడిగింది. మంచి ప్రశ్న. హెచ్.264, హెచ్.265ల వెనక పేటెంట్లున్నాయి. ఆ పద్ధతిలో యంత్రాలు, సాఫ్ట్‌వేర్లు తయారుచేసే కంపెనీలు రాయల్టీ కట్టాలి. హెచ్.265 విషయంలో హక్కుదారులు ఒకటికి మూడు గుంపులుగా చీలి ఎవరికి వాళ్ళు అడగడంతో బ్రౌజర్లు దాన్ని చాలాకాలం దగ్గరికి రానివ్వలేదు. పత్తి పండించే ఊళ్ళో రాయల్టీ అంటే ఏమిటో నేను వివరించక్కర్లేదు. బీటీ విత్తనాల ప్యాకెట్ ధరలో రాయల్టీ వాటా మీద 2006లో మన రాష్ట్ర ప్రభుత్వమే గుత్తాధిపత్య వ్యాపారాల కమిషన్ ముందుకి వెళ్ళింది. 1,600 రూపాయల పైన అమ్ముతున్న 450 గ్రాముల ప్యాకెట్ ఆ ఏడాది 750కి దిగింది. వీడియోలో ఆ భారం నేరుగా మన మీద పడదు. ఉచితంగా చూపించే ఇంటర్నెట్ వీడియోకి హెచ్.264 రాయల్టీ ఎప్పటికీ అడగబోమని హక్కుదారుల సంస్థ 2010లోనే ప్రకటించింది. అయినా విత్తనం మీద ఆలోచించినట్టే దీనిమీదా ఆలోచించడం మంచిదే. ఏవీ1 2018లో వచ్చింది, రాయల్టీ లేదు. తయారుచేసిన కూటమిలో గూగుల్, అమెజాన్ లాంటివాళ్ళే ఉన్నారన్నది వేరే సంగతి. వికీమీడియా కామన్స్ ఎంపీ4ని తీసుకోదు, వెబ్ఎం అడుగుతుంది. మన పాటలు, మన సభలు అక్కడ అందరి ఆస్తిగా ఉండాలనుకుంటే దానికోసం విడిగా ఒక వెబ్ఎం కాపీ చేసుకోవాలి. కానీ రేపు ఉదయం ఒక కూలి అక్క ఫోన్లో ఆడాల్సిన దాని విషయంలో నేను సిద్ధాంతం కంటే ఆమె ఫోన్ వైపే ఉంటాను.

ఇప్పటిదాకా చెప్పింది పంచడం గురించి. దాచడం వేరు. ఇక్కడే మనవాళ్ళు ఎక్కువ నష్టపోతున్నారు.

విత్తనానికని దాచిన గింజని ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా వండుకు తినరు. ఫోన్ తీసిన అసలు ఫైలు విత్తనపు గింజ. దాన్ని కత్తిరించకూడదు, తిప్పకూడదు, పేర్లు అతికించకూడదు, కుదించకూడదు. దాన్ని నకలు చేసి, ఆ నకలుతో ఏమైనా చేసుకోండి. ఎందుకంటే కుదించినప్పుడు పోయింది తిరిగి రాదు. ఆరు ఎంబీల వీడియోని మళ్ళీ 130 ఎంబీలకి మార్చినా బరువు పెరుగుతుందిగాని, చెరిగిపోయిన వేలిముద్ర తిరిగి కనబడదు.

వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే అది దారిలో మళ్ళీ కుదిస్తుంది. అవతల అందేది మనం తీసిన ఫైలు కాదు, దాని పల్చటి నకలు. చాలా కుటుంబ హింస కేసుల్లో, కూలి గొడవల్లో జరుగుతున్నది ఇదీ: బాధితురాలు ఫోన్లో తీస్తుంది, మన కార్యకర్తకి వాట్సాప్ చేస్తుంది, ఫోన్ నిండిపోయిందని, లేదా భర్త చూస్తాడని భయంతో తన దగ్గరున్నది తుడిచేస్తుంది. మన దగ్గర మిగిలేది నకలు మాత్రమే. అందుకని ఎవరైనా వీడియో పంపుతామంటే "డాక్యుమెంటుగా పంపమ్మా" అని చెప్పండి. జోడింపు గుర్తు నొక్కి, డాక్యుమెంట్ ఎంచుకుని, వీడియో ఫైలుని అందులోంచి పంపితే అది కుదింపు లేకుండా ఉన్నదున్నట్టు వెళ్తుంది. 2022 నుంచి 2 జీబీ దాకా అలా పంపవచ్చు.

దీనికి చట్టం తోడైంది. పాత సాక్ష్య చట్టంలో 65బి సెక్షన్ ఉండేది. ఎలక్ట్రానిక్ రికార్డు నకలుని కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ తప్పనిసరని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది, 2020లో అర్జున్ పండిత్‌రావు కేసులో మళ్ళీ గట్టిగా చెప్పింది. అసలు పరికరాన్నే దాని యజమాని సాక్షి బోనులోకి తెచ్చి చూపిస్తే ఆ సర్టిఫికెట్ అక్కర్లేదని కూడా ఆ తీర్పులోనే ఉంది. అంటే ముఖ్యమైన వీడియో తీసిన ఫోన్‌ని కొత్త ఫోన్ కోసం ఎక్స్ఛేంజిలో ఇచ్చేయకూడదు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో ఇది 63వ సెక్షన్ అయింది. సర్టిఫికెట్ నమూనాలో ఇప్పుడు 'హాష్' విలువ రాయాలి, ఒక భాగం మనం, ఒక భాగం నిపుణుడు నింపాలి. హాష్ అంటే ఫైలుకి వేలిముద్ర లాంటి పొడుగాటి సంఖ్య. ఫైలులో ఒక్క చుక్క మారినా ఆ సంఖ్య మారిపోతుంది. కత్తిరించిన వీడియో హాష్, అసలుది ఎన్నటికీ కలవవు. ఉచితంగా దొరికే చిన్న సాఫ్ట్‌వేర్లతో దాన్ని లెక్కగట్టవచ్చు. ఫైలు చేతికొచ్చిన రోజే లెక్కగట్టి, తేదీ వేసి, మన మినిట్స్ పుస్తకంలో రాసిపెట్టుకుంటే ఏడాది తర్వాత అవతలి లాయరు "మార్చారు" అన్నప్పుడు నోరు పెగులుతుంది.

ఎంత పంచాలన్నదానికి కూడా హద్దుంది. ఇది నేను గట్టిగానే చెబుతాను. కొన్ని వీడియోలు ఏ ఫార్మాట్‌లోనూ బయటికి వెళ్ళకూడదు. అత్యాచార బాధితురాలి గుర్తింపు బయటపెట్టడం నేరం. ఒకప్పటి శిక్షాస్మృతి 228ఎ, ఇప్పటి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్. పిల్లల విషయంలో పోక్సో 23వ సెక్షన్. న్యాయం జరగాలనే ఆవేశంతో గ్రూపుల్లో పెట్టేవాళ్ళలో మనవాళ్ళే ఉంటున్నారు. ముఖం మసక చేశాం కదా అంటారు. వెనక స్కూలు బోర్డు ఉంటుంది, ఆటో నంబరుంటుంది, అమ్మాయి గొంతుంటుంది. ఊరంతటికీ తెలిసిపోతుంది. మసక చేసేటప్పుడు కూడా నకలు మీదే చేసి, దాన్ని కొత్త ఫైలుగా తీసి పంపాలి. కొన్ని యాప్‌లలో మసక వేసినది పైపొర మాత్రమే, ఎడిటింగ్ ఫైలుని అలాగే పంపితే అవతలివాళ్ళు పొర తీసేసి చూడగలరు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఫోన్లో లొకేషన్ ఆన్‌లో ఉంటే, కెమెరాకి ఆ అనుమతి ఇచ్చి ఉంటే, తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఫైలులోనే రాసి ఉంటుంది. మామూలు వాట్సాప్ వీడియోలో అది చెరిగిపోతుంది. డాక్యుమెంటుగా పంపినప్పుడు ఉంటుంది. సాక్ష్యానికి అది బలం. భర్త నుంచి తప్పించుకుని ఆశ్రయంలో ఉన్న స్త్రీకి అది ప్రాణాపాయం. ఒకే దారి, ఒకరికి రక్షణ, మరొకరికి ఉచ్చు. కాబట్టి డాక్యుమెంటు దారి లాయరుకీ, మన కార్యాలయానికీ. బయటి గ్రూపులకి కాదు.

మాట మీద కూడా శ్రద్ధ పెట్టండి. బొమ్మ మసగ్గా ఉన్నా జనం చూస్తారు, మాట వినబడకపోతే చూడరు. మిర్చి కల్లాల్లో, ఆటో నడుస్తుండగా తీసినవి ఏవీ వినబడవు. ఫోన్‌ని నోటికి దగ్గరగా పెట్టండి. కింద తెలుగులో అక్షరాలు వేస్తే చెవులు వినబడనివాళ్ళకీ, పక్కన పిల్లవాడు నిద్రపోతుంటే శబ్దం లేకుండా చూసేవాళ్ళకీ పనికొస్తుంది. ఆ అక్షరాలు విడి ఫైలుగా పంపితే వాట్సాప్‌లో రావు, బొమ్మలోనే ముద్రించాలి. విడి ఫైలు మాత్రం దాచుకోండి, ఇంకో భాషలోకి మార్చడానికి అది కావాలి.

చివరగా పాతవాటి సంగతి. 1992లో దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేకోద్యమం రోజుల్లో సభలనీ, ఊరేగింపులనీ వీహెచ్‌ఎస్ కేసెట్లలో తీసినవాళ్ళున్నారు. కేసెట్ బీరువాలో ఉంటుంది, ఆడించే యంత్రం ఉండదు. వీసీఆర్‌లు తయారుచేస్తున్న ఆఖరి కంపెనీ, జపాన్‌ది, 2016లో ఆపేసింది. టేపు మీద అయస్కాంతపు పూత ఏటికేడాది రాలుతుంది. వెబ్‌సైట్లలో ఫ్లాష్ రూపంలో పెట్టిన వీడియోలు 2020 డిసెంబరు 31తో ఆ సాఫ్ట్‌వేర్ ఆగిపోయాక బ్రౌజర్లో తెరుచుకోవడం మానేశాయి. అంతకంటే ముందు, అదే ఏడాది జూన్ చివర్లో టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు, పల్లెటూరి స్త్రీలు తమ ఖాతాల్లో తప్ప ఇంకెక్కడా దాచుకోని వీడియోలు రాత్రికి రాత్రే అందకుండా పోయాయి. వేదిక మన ఇల్లు కాదు, అద్దె గది. మీ సంఘంలో ఎవరి దగ్గరైనా పాత కేసెట్లుంటే, చిన్నవైనా, పెళ్ళి కేసెట్ మధ్యలో అతికించి ఉన్నా సరే, పేరు, ఊరు, ఏడాది రాసిపెట్టండి. పనిచేసే వీసీఆర్ ఉన్న స్టూడియో దొరికితే ఈ ఏడాదే మార్పించండి. మార్పించేటప్పుడు వాళ్ళు డీవీడీ ఇస్తామంటారు, వద్దని చెప్పి ఫైలే అడగండి. రెండు హార్డ్ డిస్కుల్లో, రెండు వేరువేరు ఇళ్ళలో పెట్టండి. ఒకే ఇంట్లో రెండు పెడితే ఒకే దొంగ, ఒకే వరద.

నాకు ఇచ్చిన సమయం అయిపోయింది. టీ తర్వాత అందరం మన ఫోన్లలో ఒక నిమిషం వీడియో తీద్దాం. పక్కనున్న వాళ్ళకి ఒకసారి మామూలుగా, ఒకసారి డాక్యుమెంటుగా పంపి, రెండింటి సైజూ పోల్చి చూద్దాం. ఛార్జింగ్ తక్కువున్నవాళ్ళు ఇప్పుడే పెట్టుకోండి. ఈ హాల్లో పనిచేసే ప్లగ్గులు రెండే ఉన్నాయి.